శకునం అంటే పిట్ట అట, మరి మా ఇంట్లో పడింది బల్లి కదా?

ఎంవీపీ_వాసి • శుక్రవారం, రాత్రి 9.40

మొన్న మావాడికి విజయవాడలో ఇంటర్వ్యూ. పొద్దున్నే విశాఖలో జన్మభూమి రైలు ఎక్కాలి. గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటుంటే పైనుంచి బల్లి టప్‌మని వాడి ఎడమ భుజం మీద పడి, చెప్పుల స్టాండు వెనక్కి దూరిపోయింది. మా మావయ్యగారు వెంటనే పంచాంగం తీసి బల్లిపాటు పట్టిక కోసం వెతుకులాట. కళ్ళజోడు కనబడలేదు. అది దొరికేసరికి ఆటో ఉషోదయ జంక్షన్ దాటేసింది.

రాత్రి మావాడు ఫోన్లో అడిగాడు, “తాతా, అసలు శకునం అంటే ఏంటి?” అని. ఈయన తాపీగా “పిట్ట” అన్నారు. వాడు నవ్వు. “మనింట్లో పడింది బల్లి కదా తాతా!”

అప్పట్నుంచీ నాకూ అదే ధ్యాస. శకునం నిజంగా పిట్టేనా? సోది, ఎరుక, జోస్యం, అరిష్టం... ఇవన్నీ రోజూ వాడేస్తుంటాం, ఎక్కణ్నుంచి వచ్చాయో ఎప్పుడూ ఆలోచించలేదు. తెలిసినవాళ్ళు చెప్పండి. నమ్మాలా వద్దా అన్న తగువు మాత్రం ఇక్కడ వద్దు, మాటల సంగతే మాట్లాడుకుందాం.

జాలరిపేట_బాబు • రాత్రి 9.52

మాస్టారొచ్చీలోగా నానో ముక్క సెప్తాను. “ఊరందరికీ సెకునం సెప్పిన బల్లి కుడితి తొట్లో పడ్డాదట” అని మాయమ్మ అంతాది. మీ బల్లికి తొట్టి దొరకలేదు, సెప్పుల స్టాండు దొరికింది. పాపం దాని జాతకమే బాగునేదు.

భీమిలి_మాస్టారు • రాత్రి 10.25

అమ్మా, మీ మావయ్యగారు చెప్పింది అక్షరాలా నిజం. సంస్కృతంలో శకునం, శకుని, శకుంతం అన్నీ పిట్టలే. కణ్వుడికి అడవిలో దొరికిన పసిపిల్లకి శకుంతాలు కాపలా కాశాయి గనక శకుంతల అయింది, ఆ మాట మహాభారతం ఆదిపర్వంలోనే ఉంది. ఆవిడా, పాచికలాడిన శకుని మామా ఒకే పిట్ట మాటకి పుట్టినవాళ్ళంటే మా క్లాసులో పిల్లలు ఒప్పుకునేవాళ్ళు కాదు.

ఇక పిట్టకీ శుభాశుభాలకీ ముడి ఎంత పాతదంటే, ఋగ్వేదం రెండో మండలంలో 42, 43 సూక్తాలు కేవలం కూతపెట్టే పిట్ట కోసం చెప్పినవి. ఒక్కోదానిలో మూడేసి మంత్రాలు. “నిన్ను డేగ కొట్టకుండుగాక, గద్ద కొట్టకుండుగాక, మా ఇంటికి దక్షిణాన కూర్చుని మంచి మాట పలుకు” అని పిట్టని బతిమాలుకోవడం. నాకు ఆ మంత్రాల్లో నచ్చేది అదే. మంచి కబురు తెచ్చే పిట్ట ముందు బతికి ఉండాలి కదా!

మొదట పిట్ట, తర్వాత పిట్ట కూత, ఆ తర్వాత కూత చెప్పే ఫలితం, చివరికి ఏది ఎదురైనా శకునమే. పిట్ట ఎగిరిపోయింది, మాట మిగిలింది. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో శకునాలకి అధ్యాయాలే రాశాడు, అందులో పిట్టలతో పాటు కుక్కలూ నక్కలూ కూడా వచ్చేశాయి. ఇంకో తమాషా: శాకునికుడు అంటే పిట్టల్ని వలవేసి పట్టేవాడు, శకునం చెప్పేవాడు కూడా. ఇద్దరూ చెట్లకేసే చూస్తారు, వలలే వేరు.

కంచరపాలెం_కుర్రాడు • రాత్రి 10.41

మాస్టారూ, ఇది వింటే మీరు ఎగిరి గంతేస్తారు. ఇంగ్లీషులో శుభప్రదం అనడానికి ‘ఆస్పీషియస్’ అంటాం కదా, దాని లోపల కూడా పిట్టే ఉంది. లాటిన్లో ‘అవిస్’ అంటే పిట్ట, ‘స్పెకెరె’ అంటే చూడ్డం. రోమన్లు యుద్ధానికి ముందు పిట్టలు ఎటు ఎగిరాయి, కోళ్ళు గింజలు తిన్నాయా లేదా అని చూసేవాళ్ళు. ఓడల్లో కోళ్ళగూళ్ళు కూడా పెట్టుకుని వెళ్ళేవాళ్ళు.

క్రీ.పూ. 249లో క్లాడియస్ పుల్చర్ అనే సేనాని సిసిలీలోని డ్రెపనా రేవు మీద దాడికి బయల్దేరాడు. కోళ్ళు గింజ ముట్టలేదు. ఆయనకి తిక్కరేగి “తినకపోతే తాగనీ” అని వాటిని సముద్రంలోకి విసిరేయించాడు. ఆ రోజు 90కి పైగా ఓడలు పోగొట్టుకున్నాడు. ఇంటికెళ్ళాక జరిమానా కూడా కట్టాడు.

జాలరిపేట_బాబు • రాత్రి 10.47

సముద్రం మీదకెల్లి కోళ్ళని నీళ్ళల్లో పారేసినాడా? ఓలమ్మో. గంగమ్మ తల్లి ఊరుకుంతాదేటి. మేమైతే పులుసెట్టీసి, తిని, అప్పుడెల్దుము యుద్ధానికి.

పాతపోస్టాఫీసు • శనివారం, ఉదయం 7.05

అందరికీ నమస్కారం. అంతా సంస్కృతం, లాటిన్ అయిపోతోంది, తెలుగువాడికి సొంత మాటే లేదా? ఎరుక మనది. ఎరుగు, ఎరిగిన, ఎరుక. తెలుసుకోవడమే ఎరుక. గురి మనది. కీడు, మేలు మనవి. వీటి గురించి ఒక్కరూ మాట్లాడరేం?

భీమిలి_మాస్టారు • ఉదయం 8.30

మాట్లాడనిస్తేగా! మీరు గురి అన్నారు గనక చెప్తాను. మన గురి, గురుతు రెండిటికీ అరవంలో అక్కచెల్లెలు ‘కుఱి’. గుర్తు అనీ అర్థమే, జోస్యం అనీ అర్థమే. మన ఎరుకలవాళ్ళకి దగ్గరి బంధువులైన అక్కడి కురవర్ ఆడవాళ్ళు చెప్పేది ‘కుఱి’. మనం లక్ష్యానికి గురి పెడతాం, వాళ్ళు గురి చెబుతారు. వింత ఏంటంటే సంస్కృతంలో ‘నిమిత్తం’ కూడా ఇంతే. బాణం వేసే గుర్తూ నిమిత్తమే, జరగబోయేదాన్ని చూపించే గుర్తూ నిమిత్తమే.

గీతలోనే రెండూ ఉన్నాయి చూడండి. మొదటి అధ్యాయంలో అర్జునుడు “నిమిత్తాని చ పశ్యామి విపరీతాని కేశవ” అంటాడు. దుశ్శకునాలు కనబడుతున్నాయి మొర్రో అని. 11వ అధ్యాయానికి వచ్చేసరికి కృష్ణుడు “నిమిత్తమాత్రం భవ” అంటాడు. నువ్వు కారణంగా నిలబడితే చాలు అని. శకునాలు చూసి భయపడ్డవాణ్నే నిమిత్తం చేసి కూర్చోబెట్టాడు!

ఎంవీపీ_వాసి • ఉదయం 8.44

అయ్య బాబోయ్. మా బ్యాంకులో రోజుకి నాలుగు సెలవు చీటీలు చూస్తాను, “సొంత పని నిమిత్తం” అని. ఇకమీదట ఆ కాగితం చూస్తే కురుక్షేత్రం గుర్తొస్తుంది.

కంచరపాలెం_కుర్రాడు • ఉదయం 9.10

సోది సంగతి ఎవరైనా చెప్పండి. మా ఫ్రెండ్స్ గ్రూపులో రోజుకి యాభై సార్లు వాడే మాట అది. “సోది ఆపరా”, “సోది మీటింగ్”. జోస్యానికీ దీనికీ ఏంటి సంబంధం?

అడవివరం_అక్క • ఉదయం 11.20

తమ్ముడూ, మీ తరానికి సోది అంటే వాగుడు. మా చిన్నప్పుడు సోది అంటే ఊపిరి బిగబట్టుకుని వినేది.

సింహాచలం కొండ కింద మా ఇల్లు. మధ్యాహ్నం అన్నాలయ్యాక వీధిలో “సోదె చెప్తానమ్మా సోదె” అని ఎరుకలసాని కేక. మా నాయనమ్మ పిలిచి అరుగు మీద కూర్చోబెట్టేది. చేటలో బియ్యం, పైన ఓ రూపాయి బిళ్ళ, తమలపాకు. ఆవిడ బుట్ట పక్కన దించి, చిన్న కర్రతో నాయనమ్మ అరచేతిని తాకుతూ, కొండమీది అప్పన్ననీ ఊరి దేవతలందర్నీ పేరు పేరునా పిలిచేది. గొంతు అప్పటిదాకా మామూలుగా ఉండేది, దేవతల పేర్లు మొదలయ్యాక రాగం మారిపోయేది. “పిల్లదాని పెళ్ళి తలపెట్టినావు, తూర్పు నుంచి సంబంధం” అంటుంటే నాయనమ్మ కళ్ళు చిట్లించి వినేది. తూర్పున మాకున్నది సముద్రమే అని అప్పుడు ఎవరికీ తట్టలేదు.

అదే మాట ఇప్పుడు విసుగుకి వాడుతున్నాం. సాగదీసి చెప్పే తీరు గుర్తుండిపోయింది, వినే మనసు పోయింది.

(ఒక సందేశం తొలగించబడింది)

నిర్వాహకుడు • మధ్యాహ్నం 12.02

ఎరుకల వారి గురించి కులం పేరుతో వచ్చిన ఒక వ్యాఖ్య తీసేశాను. మాటల గురించి మాట్లాడండి, మనుషుల్ని కించపరచకండి. ఇంకోసారైతే ఖాతా ఆపేస్తాను.

పాతపోస్టాఫీసు • మధ్యాహ్నం 12.30

తీసేసి మంచి పని చేశారు. ఒక్క సంగతి చెప్పుకోవాలి. ఎరుక అంటే తెలివిడి. తెలివి పేరు పెట్టుకున్న ఆ జనాన్ని తెల్లవాడు ‘నేరస్థ జాతులు’ అని చట్టం చేసి ముద్ర వేశాడు. 1871లో ఉత్తరాదిన మొదలైన చట్టం 1911లో మద్రాసు రాజధానికీ వచ్చింది. దేశమంతటా 1952లో గానీ పోలేదు. వాళ్ళకి ఇంట్లో మాట్లాడుకోవడానికి సొంత భాష ఉంది, అది అరవానికి దగ్గర. బయట మనతో తెలుగు. రెండు భాషలొచ్చినవాళ్ళని మనం సోదివాళ్ళంటున్నాం.

కంచరపాలెం_కుర్రాడు • మధ్యాహ్నం 12.41

మరి దొండపర్తి ఎరుకుమాంబ అమ్మవారి పేరులోనూ ఈ ఎరుకే కదా?

భీమిలి_మాస్టారు • మధ్యాహ్నం 1.15

బాబూ, చెవికి ఒకేలా వినిపించినంత మాత్రాన చుట్టరికం కలిపెయ్యకు. అలా కలుపుకుంటూ పోతే సాముద్రికం మన ఆర్కే బీచ్‌లో పుట్టిందనాలి.

కంచరపాలెం_కుర్రాడు • మధ్యాహ్నం 1.18

నిజం చెప్పనా మాస్టారూ, పదో తరగతి దాకా నేను అలాగే అనుకున్నాను. హస్తసాముద్రికం అంటే చేతిలో కెరటాల్లా గీతలుంటాయి గనక అని.

భీమిలి_మాస్టారు • మధ్యాహ్నం 1.33

హహ. సముద్రుడు చెప్పిన శాస్త్రం గనక సాముద్రికం అని సంప్రదాయం. నీ కెరటాలు మరీ అన్యాయమేం కాదులే. ‘స-ముద్ర’, అంటే ముద్రలు ఉన్నది, గుర్తులు ఉన్నది అని విడదీసేవాళ్ళూ ఉన్నారు.

ఎంవీపీ_వాసి • సాయంత్రం 6.20

ఎడమ భుజం సంగతి ఒకటి అడగాలి. మా అత్తగారు పొద్దుట్నుంచీ “కుడిదైనా బాగుండును” అంటున్నారు. ఎడమ అంటే ఎందుకంత చిన్నచూపు?

భీమిలి_మాస్టారు • సాయంత్రం 7.00

అమ్మా, ఈ ప్రశ్నకి నా దగ్గర మంచి మందుంది. మనం ‘సవ్యంగా’ అంటే సరిగ్గా, పద్ధతిగా అని కదా? సంస్కృతంలో సవ్యం అంటే ఎడమ! అర్జునుడు సవ్యసాచి అయింది ఎడమచేత్తో కూడా బాణం వేస్తాడనే. మరి ఎడమ కాస్తా పద్ధతి ఎలా అయిందంటే, జంధ్యం మామూలుగా ఉండేది ఎడమ భుజం మీద. అది సవ్యం. పితృకార్యాల్లో కుడి భుజానికి మారుస్తారు, అది అపసవ్యం. అలా శుభకార్యాల తీరు సవ్యం, మిగతాది అపసవ్యం.

కుడికి మాత్రం గౌరవం ఎక్కువే. తూర్పు ముఖంగా నిలబడితే కుడిచేయి దక్షిణం వైపు, అందుకే కుడికీ దక్షిణ దిక్కుకీ ఒకే మాట. గుడి మనకి కుడివైపు ఉండేట్టు తిరిగితే ప్రదక్షిణ.

మీ అత్తగారితో చెప్పండి, బల్లి సవ్యంగానే పడిందని.

కంచరపాలెం_కుర్రాడు • సాయంత్రం 7.04

అంటే మా మేనేజరు “పని సవ్యంగా చెయ్యి” అంటే ఎడంచేత్తో చెయ్యమనేగా. చేస్తున్నాను సార్, రోజూ అలాగే చేస్తున్నాను.

జాలరిపేట_బాబు • రాత్రి 8.15

పూర్ణామార్కెట్ కాడ చిలకజోస్యం ముసలాయన ఉండీవోడు. చిలక బైటికొచ్చి ముక్కుతో కార్డు లాగీది, ఓ గింజిస్తే మళ్ళా గూట్లోకెల్లిపోయీది. నాను చిన్నప్పుడు మానాన్న ఐదు రూపాయలిచ్చి సూపించినాడు. “సముద్రం మీద సంపాదిస్తాడు” అన్నాది. జాలరోడి కొడుక్కి ఇంకేటి సెప్తాది!

ఈ మద్దిన కనబళ్ళేదు. ఏటయిపోనాడో.

పాతపోస్టాఫీసు • రాత్రి 8.40

1972 వన్యప్రాణి చట్టం ప్రకారం మన ఊరి రామచిలకని పంజరంలో పెట్టడం నేరం. పైగా 2018లో రామచిలకనే ఆంధ్రప్రదేశ్ రాష్ట్రపక్షి చేశారు. జోస్యం చెప్పి చెప్పి పాపం తన జాతకం మార్చుకుంది.

జోస్యం మాట సంగతికొస్తే, జ్యోతిషం ప్రాకృతంలో అరిగి ‘జోఇస’ అయింది, మన నోట్లో జోస్యం అయింది. మనవాళ్ళలో జోశ్యుల ఇంటిపేరు, మరాఠీల జోషీ, రెండూ అక్కణ్నుంచి వచ్చినవే. జ్యోతి అంటే వెలుగు, వెలుగుల చదువు జ్యోతిషం.

భీమిలి_మాస్టారు • రాత్రి 9.20

బాగా చెప్పారు. జ్యోతిషంలోంచి వచ్చిన మాటల్లో నాకు ముచ్చటైనది ‘హోర’. కొందరు దాన్ని ‘అహోరాత్ర’ నుంచి తీస్తారని వరాహమిహిరుడు రాశాడు. ముందు అక్షరం, వెనక అక్షరం రాలిపోతే మిగిలింది హోరా అని. లెక్క భలే కుదిరింది! కానీ అసలు సంగతి, అది గ్రీకు మాట. యవనుల దగ్గర ‘హోరా’ అంటే గడియ, వేళ. ఇంగ్లీషువాడి ‘అవర్’ కూడా దాని బిడ్డే. ఒక్క హోరే కాదు, లగ్నం నుంచి 1, 4, 7, 10 స్థానాలని కేంద్రాలంటారే, ఆ ‘కేంద్రం’ కూడా గ్రీకు ‘కెంట్రాన్’. జాతకచక్రంలో నుంచి లేచొచ్చి ఢిల్లీలో కూర్చుంది. మనం ‘కేంద్ర ప్రభుత్వం’ అన్నప్పుడల్లా ఒక జ్యోతిష్కుడి మాట వాడుతున్నాం.

పక్కన ‘లగ్నం’ మాత్రం ఇక్కడిదే. లగ్నం అంటే అంటుకున్నది. తూర్పు దిక్కుకి ఆ క్షణాన ఏ రాశి అంటుకుని ఉందో అది లగ్నం. అక్కణ్నుంచి పెళ్ళి కూడా లగ్నమే అయిపోయింది. కొన్నిచోట్ల అంటుకుంటుంది, కొన్నిచోట్ల అతుక్కుంటుంది, అంతే తేడా.

కంచరపాలెం_కుర్రాడు • రాత్రి 9.31

మాస్టారికి పెళ్ళయి ఎన్నేళ్ళయిందో ఎవరూ అడక్కండి.

పాతపోస్టాఫీసు • ఆదివారం, ఉదయం 6.50

అరిష్టం నా వంతు. మా నాన్నగారికి కురుపాం మార్కెట్ దగ్గర ఆయుర్వేద మందుల కొట్టుండేది. పొద్దున్నే తలుపులు తీసి నీళ్ళు చల్లగానే ఒకావిడ వచ్చేది, నెలకోసారి. ఆవిడకి కావలసింది అశోకారిష్టం. ఆ పేరు మాత్రం నోటంట రానిచ్చేది కాదు. “బోణీ వేళ అరిష్టం అని అడగనా బాబూ? ఆ నల్ల సీసా ఇచ్చెయ్యండి” అనేది. మా నాన్నగారు నవ్వుతూ కాగితంలో చుట్టి ఇచ్చేవారు.

ఆయన చెప్పేవారు: రిష్టం అంటే దెబ్బ, హాని. అ-రిష్టం అంటే హాని లేనిది, చెక్కుచెదరనిది. వేదంలో అదే అర్థం. పులియబెట్టిన మందుకి ఆ పేరు, వేపచెట్టుకీ కుంకుడుచెట్టుకీ ఆ పేరు. ఎప్పుడో అది అడ్డం తిరిగి చావు ముందు కనబడే గుర్తుల పేరైంది. చరకసంహిత ఇంద్రియస్థానం నిండా అవే, రోగి ఇక దక్కడు అనడానికి వైద్యుడు చూసే లక్షణాలు. మంచి మాటని చెడ్డదాని మీద కప్పినట్టున్నారు, ఆ చెడ్డదే మాటకి అంటుకుంది. ఇప్పుడు సీసా మీద మందుగానూ, నోట్లో శనిగానూ బతుకుతోంది పాపం.

ఎంవీపీ_వాసి • ఉదయం 7.30

ఇది చదివి మా అత్తగారు గట్టిగా నవ్వారు. ఆవిడ నోట కూడా చాలా మాటలు రావు. డబ్బాలో బియ్యం అయిపోతే “బియ్యం నిండుకున్నాయి” అంటారు. కొత్తగా కాపురానికొచ్చినప్పుడు నేను నిజంగానే నిండుగా ఉన్నాయనుకుని వారం పాటు తేలేదు! దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. గాజు పగలదు, పెరుగుతుంది. మంగళసూత్రం తెగినా పెరిగిందే. వీధిలో ఎవరైనా బయల్దేరితే “ఎక్కడికి” అనరు, “దూరమా?” అంటారు. వెళ్ళేవాళ్ళు ‘వెళ్తాను’ అనకూడదు, ‘వెళ్ళొస్తాను’ అనాలి. రాత్రిపూట ఉప్పు పేరెత్తరు, పాముని పురుగంటారు.

నేను వీటిలో ఒక్కటీ నమ్మను. కానీ మొన్న ఆఫీసులో చెక్కుబుక్కులు అయిపోతే కౌంటర్లో నిలబడి “నిండుకున్నాయండీ” అన్నాను. ఎదుటాయన “అయితే ఒకటి ఇవ్వండి” అన్నాడు.

జాలరిపేట_బాబు • ఉదయం 7.41

😄😄 ఇది బాగుంది.

బోణీ గురించి నాను సెప్తాను. హార్బర్లో పొద్దున్న మొదటి బేరం ఎవుడితో అయితే రోజంతా అలాగే నడుస్తాదని మావోళ్ళ నమ్మకం. అందుకే మొదటోడు ఎంత అడిగినా వదల్రు. “బోణీ బేరం బాబూ, ఒట్టి సేత్తో ఎల్లకు” అని వంజరం మీద రేటు తగ్గించయినా ఇచ్చీస్తారు. ఆ డబ్బు కళ్ళకద్దుకుని బొడ్లో దోపుకుంటారు. తెలివైనోళ్ళు ఐదున్నరకే వస్తారు సేపలకి, నమ్మకం వాళ్ళది కాదు, లాభం వాళ్ళది.

కంచరపాలెం_కుర్రాడు • ఉదయం 7.58

హిందీవాళ్ళు ‘బోహనీ’ అంటారు బాబాయ్. మన పేపర్లలోనేమో “సిరీస్‌లో భారత్ బోణీ”. చేపల బుట్టలోంచి స్కోరుబోర్డు మీదకెక్కింది.

నా ప్రశ్న: మా అపార్టుమెంటు గుమ్మానికి బూడిదగుమ్మడికాయ కట్టారు, దిష్టి తగలకుండా. దిష్టి అంటే?

భీమిలి_మాస్టారు • ఉదయం 8.45

దృష్టి ప్రాకృతంలో ‘దిట్ఠి’, మనకి దిష్టి. ఎదుటివాడి చూపు తగలడం. ఇప్పుడు ‘అదృష్టం’ మాట విడదీసి చూడు. అ-దృష్టం, కంటికి కనబడనిది. రెండిటికీ ఒకే ధాతువు. కనబడకుండా వచ్చేది అదృష్టం, అది వచ్చిందని నలుగురి కళ్ళూ పడితే దిష్టి.

తుమ్ము సంగతి ఎవరూ ఎత్తలేదు గనక నేనే ఎత్తుతాను. పిల్లలు తుమ్మితే “చిరంజీవ” అంటాం కదా. పాళీ జాతక కథల్లో బుద్ధుడు ఉపదేశం మధ్యలో తుమ్మాడు. భిక్షువులంతా “జీవించుగాక” అని గోల. ఆయన ఉపదేశం ఆపి అడిగాడు, “తుమ్మితే అలా అన్నందువల్ల మనిషి బతుకుతాడా, చస్తాడా?” అని. అలా అనొద్దని నియమం పెట్టాడు. తర్వాత గృహస్థులు నొచ్చుకున్నారని, వాళ్ళకి మంగళాల పట్టింపు ఉంటుందని, పోనీ అనండి అని సడలించాడు. మా తొట్లకొండ మీద వర్షాకాలమంతా ఉండిపోయిన భిక్షువుల్లో ఎంతమంది తుమ్మారో, ఎంతమంది చిరంజీవ అన్నారో!

పాతపోస్టాఫీసు • ఉదయం 9.05

మంగళం గురించి అశోకుడు కూడా విసుక్కున్నాడు. తొమ్మిదో శిలాశాసనం. జబ్బు చేస్తే మంగళం, పెళ్ళికి మంగళం, బిడ్డ పుడితే మంగళం, ప్రయాణానికి మంగళం, అందులోనూ ఆడవాళ్ళు నానారకాలు చేస్తున్నారని రాయి మీద చెక్కించాడు. ఆ శాసనం మన కర్నూలు జిల్లా ఎర్రగుడిలోనూ ఉంది. రెండువేల రెండొందల ఏళ్ళు దాటింది, ఆయన ఫిర్యాదుకి జవాబు రాలేదు.

అడవివరం_అక్క • రాత్రి 8.10

ఆడవాళ్ళ మాట వచ్చింది గనక రాస్తున్నాను. రాయాలా వద్దా అని పొద్దుట్నుంచీ ఆలోచించాను.

‘ఎదురు’ అన్న మాట ఏం పాపం చేసిందో నాకు తెలీదు. పెళ్ళివారికి మేళాలతో ఎదురెళితే ఎదురుకోలు, గొప్ప మర్యాద. అదే గుమ్మంలో మా అమ్మలాంటిది కనబడితే “ఎదురొచ్చింది”. మా నాన్న పోయేనాటికి అమ్మకి 32 ఏళ్ళు. ఇంట్లో ఎవరు బయల్దేరుతున్నా, ఎవరూ చెప్పకుండానే, పెరట్లో కరివేపాకు చెట్టు దగ్గరికి వెళ్ళిపోయేది. ఆకులు దూసుకుంటూ నిలబడేది. ఆ వేళప్పుడు ఎవరికి కావాలి కరివేపాకు.

నాకు టీచరు ఉద్యోగం వచ్చి మొదటి రోజు వెళ్తుంటే పట్టుబట్టాను. నువ్వే ఎదురు రావాలి, లేకపోతే బడికి వెళ్ళనని. చాలాసేపు రాలేదు. వచ్చింది. చేతిలో నిండా నీళ్ళున్న ఇత్తడి చెంబు పట్టుకుని వచ్చింది. నిండు చెంబు మంచి శకునం కదా. తన ‘చెడ్డ’ని ఆ నీళ్ళతో సరిచేసుకుని వచ్చింది నా ముందుకి. నడుస్తుంటే తొణికి అంచు తడిసింది.

జాలరిపేట_బాబు • రాత్రి 8.32

అక్కా. నమస్కారం.

ఎంవీపీ_వాసి • రాత్రి 8.40

అక్కా, ఇది మా అత్తగారికి చదివి వినిపించాను. ఆవిడేం మాట్లాడలేదు. లేచి వెళ్ళి మా పక్కింటి పిన్నిగారిని పిలుచుకొచ్చి కాఫీ ఇచ్చారు. ఆ పిన్నిగారు మావాడు బయల్దేరిన పొద్దున తలుపు వేసుకుని లోపలే ఉండిపోయారని నాకు ఇప్పుడే తెలిసింది.

భీమిలి_మాస్టారు • రాత్రి 9.15

అక్కగారూ, 1910లో హేలీ తోకచుక్క కనబడినప్పుడు ఊళ్ళన్నీ అది ఉత్పాతం, ప్రళయం అని వణికాయి. మన విజయనగరం గురజాడ మాత్రం అది సంఘసంస్కరణ ప్రయాణానికి పట్టిన పతాక అన్నాడు. ఆకాశంలో కనబడింది ఒకటే చుక్క.

మీ అమ్మగారి చెంబు చదివాక ఇంకేమీ రాయబుద్ధి కాలేదు గానీ, ఇది గుర్తొచ్చింది.

కంచరపాలెం_కుర్రాడు • రాత్రి 10.02

చివరగా ఒకటి. మా తాతయ్య చెప్పేవాడు, తెల్లారకముందే బుడబుక్కలవాడు వచ్చి డమరుకం వాయిస్తూ “అంబ పలుకు, జగదంబ పలుకు” అనేవాడని. నాకు జగదాంబ అంటే సినిమా హాలు జంక్షనే. 28 నంబరు బస్సు ఆగే చోటు. చిన్నప్పుడు ఆ హాలు పలుకుతుందేమో అనుకున్నాను.

అడవివరం_అక్క • రాత్రి 10.11

‘పలుకు’ మంచి మాట తమ్ముడూ. మనుషులు మాట్లాడతారు, అమ్మవారు పలుకుతుంది, బల్లి పలుకుతుంది. విజయనగరం పైడితల్లి సిరిమానుకి చెట్టు ఎక్కడుందో అమ్మే పూజారికి కలలో పలుకుతుందంటారు. పిలిచినా జవాబివ్వనివాణ్ని “పలకవేంరా” అంటాం, అంటే వాడికీ అంతే విలువ ఇస్తున్నట్టు.

ఎంవీపీ_వాసి • మంగళవారం, రాత్రి 9.05

అందరికీ కబురు. మావాడు వచ్చాడు. ఇంటర్వ్యూ బాగానే చేశాడట, ఫలితం పై వారం. మావయ్యగారికి కళ్ళజోడు దొరికింది. ఎడమ భుజానికి ఆయన పంచాంగంలో ఒకటి రాసుంది, కింది ఫ్లాటువాళ్ళ క్యాలెండరులో దానికి సరిగ్గా వ్యతిరేకంగా ఉంది. ఇద్దరు పెద్దమనుషులూ లిఫ్టు దగ్గర అరగంట నుంచీ వాదించుకుంటున్నారు. బల్లి మాత్రం ట్యూబులైటు పక్కనే ఉంది, ఇప్పుడే ఓ పురుగుని మింగింది.

మాస్టారూ, ఏలినాటి శనిలో ఈ ‘ఏలి’ ఏంటి? శని ఏలడమా?

భీమిలి_మాస్టారు • రాత్రి 9.30

ఏలడం కాదమ్మా. అరవంవాళ్ళు ‘ఏళరై నాట్టు శని’ అంటారు. ఏళరై అంటే ఏడున్నర. శని ఒక్కో రాశిలో రెండున్నరేళ్ళు ఉంటాడు, మూడు రాశులకి ఏడున్నర. మన చెవికి అదే ఏలినాటిగా వినబడి ఉండాలి, ‘ఏలడం’ మనమే ఊహించుకున్నాం.

జాలరిపేట_బాబు • రాత్రి 9.48

నాకు మూడున్నరకి బోటు. ఐస్ ఎక్కించీసినారు. మా ఇంటిది ఎక్కడికని అడగదు, ఎప్పుడొస్తావనీ అడగదు, టిఫినుడబ్బా చేతికిచ్చి లోపలికెల్లిపోద్ది. నాలుగు రోజులు నెట్టు దొరకదు. ఆ కుర్రోడి ఫలితం రాసుంచండి, వచ్చి సదువుకుంటాను.

ఎల్లొస్తాను.